మిషను ఆపినప్పుడు ఎవరు వాయిస్తున్నారు?

అరుదైన జాజ్ రికార్డింగులు సేకరించేవాళ్ళు ఏ టేపునీ దాని పుట్టుపూర్వోత్తరాలు అడగకుండా ఇంట్లోకి రానివ్వరు. ఫలానా రాత్రి ఫలానా క్లబ్బులో వాయించిన సంగీతం ఏ మిషను మీద ఎక్కింది, ఆ డిస్కో టేపో ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది, ఇప్పుడు తమ చేతికొచ్చింది అసలుదా, కాపీయా, కాపీకి కాపీయా అన్న లెక్క తేలాలి. అసలుదాన్ని మాస్టర్ అంటారు. దాన్నుంచి నేరుగా తీసింది మొదటి తరం, దాన్నుంచి తీసింది రెండో తరం. తరం మారేకొద్దీ బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, విలువ పడిపోతుంది. ఒకే మాస్టర్ నుంచి ఒక్కసారిగా చాలా కాపీలు తీసేచోట ఆ కాపీ మిషన్లకి స్లేవ్ అని పేరు. యజమాని, బానిస. నల్లవాళ్ళ పాటని ఎక్కించే యంత్రాలకి ఈ మాటలు వాడినవాళ్ళకి అప్పుడేమీ తోచలేదేమో గానీ మాకు తోచింది. (మొదటి తరం అన్న మాట కూడా మా చెవికి వేరేగా పడుతుంది. సేకర్తల లోకంలో మొదటి తరం అంటే మూలానికి దగ్గరగా ఉన్నట్టు. యూనివర్సిటీలో మొదటి తరం అంటే మా వెనక ఎవరూ లేనట్టు.)

ఈ వెతుకులాటని మేము తోసిపుచ్చడం లేదు. అది లేకపోతే నల్లజాతి సంగీత చరిత్రలో చాలా రాత్రులు మనకి దక్కేవి కావు. మా పేచీ వేరే చోట ఉంది. మూలం ఏదని అడిగినప్పుడు సేకర్త వేలు మిషను పట్టుకున్న చేతివైపే పోతుంది. బెనెడెట్టి రికార్డింగులు, న్యూమన్ డిస్కులు, సేవరీ కలెక్షన్ అని పేర్లు పెట్టుకున్నది చూడండి. అన్నీ రికార్డు చేసినవాళ్ళ పేర్లే. వాయించినవాళ్ళలో కూడా మధ్యలో నిలబడ్డ ఒక్క మేధావి పేరు వస్తుంది. వెనక డ్రమ్ముల దగ్గర, బేస్ దగ్గర, పియానో దగ్గర కూర్చున్నవాళ్ళు చిన్న అక్షరాల్లోకి జారిపోతారు. కానీ టేపు మూలం పట్టిచ్చే సాక్షులు చాలాసార్లు ఆ వెనకవాళ్ళే. ఈ మాట చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు అరుదు అన్న మాట తీసుకుందాం. అరుదు టేపుకి పుట్టుకతో వచ్చిన గుణమన్నట్టు మాట్లాడతారు. అరుదుకి కారణాలున్నాయి, ఆ కారణాలకి తారీకులున్నాయి. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ స్టూడియో రికార్డింగులు ఆపేసింది. రికార్డుల వల్ల పనులు పోతున్న వాద్యకారుల కోసం కంపెనీలు ఒక నిధికి డబ్బు కట్టాలన్నది డిమాండు. అన్ని పెద్ద కంపెనీలూ దారికొచ్చేసరికి 1944 నవంబరు అయింది. సరిగ్గా ఆ కాలంలోనే బీబాప్ పుడుతోంది. 1943లో ఎర్ల్ హైన్స్ ఆర్కెస్ట్రాలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ ఇద్దరూ ఉన్నారు, ఆ బృందం మాత్రం స్టూడియో గడప తొక్కలేదు. ఆ నెలల్లో పార్కర్ ఎట్లా వాయించాడో ఇవాళ కొంతైనా వినగలుగుతున్నామంటే కారణం బాబ్ రెడ్‌క్రాస్ అనే నల్లవాడు. ఈ సంగీతకారుల దోస్తు. 1943 ఫిబ్రవరిలో షికాగోలో తన హోటలు గదిలో స్నేహితులు కలిసి వాయించుకుంటుంటే డిస్కుల మీద ఎక్కించాడు. పార్కర్ ఆ గదిలో ఆల్టో కాదు, టెనర్ శాక్సఫోన్ వాయిస్తున్నాడు.

రెండో కారణం పోలీసులు. న్యూయార్కులో మందు అమ్మే క్లబ్బులో వాయించాలంటే 1967 దాకా పోలీసులిచ్చే కాబరే కార్డు ఉండాలి. కేసు పడితే కార్డు పోతుంది, కార్డు పోతే కూడు పోతుంది. పియానిస్టు తెలోనియస్ మంక్ కార్డు 1951లో పోయి 1957లో గానీ తిరిగి రాలేదు. ఆ ఆరేళ్ళలో న్యూయార్కు క్లబ్బుల్లో మంక్ టేపులు దొరకవు, అందుకే ఏది దొరికినా అపురూపం అంటారు. వాయించనిస్తే కదా దొరకడానికి! క్లబ్బులో వాయించేవాడికి పోలీసు కార్డు కావాలి, పక్క టేబులు మీద మిషను పెట్టుకున్నవాడికి అక్కర్లేదు. సేకర్తల చీటీల మీద ఈ సంగతి రాసి ఉండదు.

ఇక మూలం ఎట్లా పడతారు? ఈ పని నేర్చుకోదగ్గది. కుల చరిత్రలు రాసేవాళ్ళకి, పాత కాగితాల్లో తమవాళ్ళ జాడలు వెతికేవాళ్ళకి పనికొస్తుంది. ఇంట్లోనో క్లబ్బులోనో అప్పటికప్పుడు కోసే డిస్కులకి అడుగున అల్యూమినియం పళ్ళెం, పైన లక్కలాంటి పూత ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో అల్యూమినియం విమానాలకి పోయింది, డిస్కుల కింద గాజు వచ్చింది. కాబట్టి గాజు డిస్కు చేతికొస్తే యుద్ధకాలం వైపు చూడాలి. టేపు అడుగున సన్నగా కరెంటు హోరు వినపడుతుంది. అమెరికా కరెంటుది 60 సైకిళ్ళ హోరు, యూరపుది 50. హోరు ఉండాల్సిన చోట లేకపోతే టేపు తప్పు వేగంలో తిరుగుతోందన్నమాట, శ్రుతి కూడా తప్పే. రేడియో అనౌన్సరు గొంతు, అప్పటి పేపర్లలో క్లబ్బుల ప్రకటనలు, ఏ పాట ఏ ఏడాది నుంచి కచేరీల్లోకి వచ్చింది, ఎవరు ఏ నెలలో ఏ బృందంలో ఉన్నారు, అన్నీ కలిపి చూస్తారు. చాలాసార్లు ముడి విప్పేది ఈ చివరిదే.

డీన్ బెనెడెట్టి కథ సేకర్తలందరికీ తెలిసిన పురాణం. ఇతను ఇటాలియన్ మూలాల శాక్సఫోన్ వాద్యకారుడు. పార్కర్ వెనక ఊరూరా తిరిగి తీగ మిషను మీద పాటంతా ఎక్కించాడని, ఆ తీగలు పోయాయని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. పార్కర్ రికార్డులు వేసిన డయల్ కంపెనీ యజమాని రాస్ రసెల్ 1973లో రాసిన పార్కర్ జీవితచరిత్ర ఈ పురాణానికి రంగులద్దింది. బెనెడెట్టి 1957లో ఇటలీలో చనిపోయాడు. పెట్టె మాత్రం పోలేదు. అది సోదరుడి ఇంట్లో ఉంది. అందులో తీగ లేదు, డిస్కులూ కాగితపు టేపులూ ఉన్నాయి. లాస్ ఏంజిలిస్‌లోని హైడీహో క్లబ్బులో 1947 మార్చిలో, న్యూయార్కులోని త్రీ డ్యూసెస్‌లో 1948 మార్చిలో, ఆనిక్స్‌లో 1948 జూలైలో ఎక్కించినవి. ఫిల్ షాప్ అనే రేడియో మనిషి ముక్కముక్కా విని, పాట పోల్చి, వరస పెట్టాడు. 1990లో మొజాయిక్ కంపెనీ 7 సీడీలుగా తెచ్చింది.

విన్నవాళ్ళెవరికైనా మొదట తెలిసేది ఒకటే. పార్కర్ మొదలెట్టగానే మిషను తిరుగుతుంది, ఆయన సోలో అయిపోగానే ఆగుతుంది. ట్రంపెట్ వంతు వచ్చిందా, కట్. పియానో వంతు వచ్చిందా, కట్. హైడీహోలో ఆ రాత్రులు ట్రంపెట్ మీద హోవర్డ్ మెగీ ఉన్నాడు. ఉద్యోగం ఆయన బృందానిదే, కామరిల్లో మానసిక ఆసుపత్రి నుంచి బయటికొచ్చి రెండు నెలలు కూడా నిండని పార్కర్‌కి చోటిచ్చింది ఆ బృందమే. పియానో మీద 18 ఏళ్ళ హాంప్టన్ హాస్. బేస్ అడిసన్ ఫార్మర్, డ్రమ్స్ రాయ్ పోర్టర్. త్రీ డ్యూసెస్‌లో మైల్స్ డేవిస్, డ్యూక్ జోర్డాన్, టామీ పాటర్, మాక్స్ రోచ్. వీళ్ళంతా ఆ 7 సీడీల్లో పార్కర్ కింద పరిచిన చాపలాగా ఉంటారు. తమ వంతు రాగానే మాయమైపోతారు.

బెనెడెట్టిని తిట్టడం సులువు. ఆయన పరిస్థితి కూడా చూడాలి. డిస్కు ఒక పక్కకి కొన్ని నిమిషాలే పడుతుంది, డబ్బు చేతినుంచి పోతుంది. ఆయన దాచింది అమ్ముకోవడానికి కాదు, పార్కర్ వేళ్ళ మర్మం పట్టుకోవడానికి. చదువుకునే పిల్లవాడు నోట్సు రాసుకున్నట్టు రాసుకున్నాడు. మేము విమర్శిస్తున్నది ఆ నోట్సు అసలు గ్రంథమైపోయిన తీరుని. జాజ్ ఒకరితో ఒకరు మాట్లాడుకునే సంగీతం. డ్రమ్మరు ఒక దెబ్బ వేస్తే శాక్సఫోన్ దానికి జవాబిస్తుంది, ట్రంపెట్ వదిలేసిన మాటని పియానో అందుకుంటుంది. మెగీ ఏమన్నాడో తీసేసి పార్కర్ జవాబు ఒక్కటే వినిపిస్తే అది ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. ఒంటరి మేధావి అనే బొమ్మ కొంతవరకు ఒక స్విచ్ తయారుచేసిన బొమ్మ. నల్లవాళ్ళ సమూహం నుంచి ఒక్కణ్ణి పైకెత్తి, అతనికి సమూహం లేనట్టు చూపించే అలవాటుకి ఈ స్విచ్ బాగా అనుకూలించింది. 'నువ్వు మీవాళ్ళలాగా ఉండవు' అని మెచ్చుకునేవాళ్ళని క్లాసురూముల్లో చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

దీని పక్కన ఇంకో టేపు పెట్టి చూద్దాం. 1957లో కార్డు తిరిగొచ్చాక మంక్ న్యూయార్కులో ఫైవ్ స్పాట్ క్లబ్బులో నెలల తరబడి వాయించాడు, శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్. విన్నవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు. క్లబ్బు రికార్డింగు మాత్రం లేదనుకున్నారు. 1993లో బ్లూ నోట్ కంపెనీ ఒక టేపు విడుదల చేసింది. కోల్ట్రేన్ భార్య నైమా చిన్న టేపు రికార్డరు పెట్టి ఎక్కించినది. ధ్వని అంత బాగుండదు. 1957 నాటి టేపు ఇదేనని సంబరపడ్డారు. తర్వాత తేలిందేమంటే అది 1958 సెప్టెంబరు 11 రాత్రిది. అప్పటికి కోల్ట్రేన్ మంక్ బృందంలో లేడు, జానీ గ్రిఫిన్ బదులుగా ఒక్క రాత్రికి వచ్చాడు.

ఆ టేపులో డ్రమ్స్ ఎవరివి? రాయ్ హేన్స్‌వి. 1957లో ఆ స్టూలు మీద కూర్చున్నది షాడో విల్సన్. ఇద్దరు గొప్పవాళ్ళ పేర్లు మాత్రమే చూసినవాళ్ళకి 1957 అయినా 1958 అయినా ఒకటే, మంక్ ఉన్నాడు, కోల్ట్రేన్ ఉన్నాడు. వెనక కూర్చున్నవాణ్ణి చూస్తే 1957 అనడానికి వీల్లేదు. నైమా గనక భర్త సోలో అవగానే మిషను కట్టేసి ఉంటే ఈ ఆధారం అంత తేటగా దొరికేదా? ఆమె కట్టెయ్యలేదు. మంక్ వాయించాడు, మాలిక్ బేస్ వాయించాడు, హేన్స్ వాయించాడు, మిషను తిరుగుతూనే ఉంది.

మన కచేరీల్లో పక్కవాద్యం అంటారు. మృదంగం వాయించేవాడు పక్కవాద్యం. ఆ మృదంగానికి తోలు బిగించినవాడు ఆ పక్కన కూడా ఉండడు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం రాసేదాకా ఆ కుటుంబాల మీద ఇంత పుస్తకం లేకపోవడం గమనించండి. సరే, జాజ్ దగ్గరికి వద్దాం.

పేర్లు పెట్టడం గురించి కూడా ఒక మాట. 1941లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయం కుర్రవాడు డిస్కులు కోసే మిషను మోసుకుని హార్లెమ్ పోయేవాడు. మింటన్స్ ప్లేహౌస్‌లో గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ వాయించినది ఎక్కించాడు. జీతం లేకుండా కలిసి వాయిస్తే యూనియన్ జరిమానా వేసే రోజులవి. మింటన్స్‌లో ఆ బెడద అంతగా లేకపోవడానికి దాని యజమాని హెన్రీ మింటన్ న్యూయార్కు యూనియన్ శాఖలో మొదటి నల్ల ప్రతినిధి కావడం ఒక కారణం. అంటే ఆ సంగీతానికి చోటు చేసిపెట్టింది ఒక నల్లవాడి రాజకీయ పలుకుబడి. క్రిస్టియన్ 1942 మార్చి 2న క్షయతో చనిపోయాడు, 25 ఏళ్ళు. డిస్కులు 1947లో మార్కెట్‌కి వచ్చాయి. అందులో ఒకటి 'స్వింగ్ టు బాప్' అన్న పేరుతో ప్రసిద్ధమైంది. వాయించిన రోజున ఆ పేరు లేదు. ఆ ట్యూన్ 'టాప్సీ', ఎడ్డీ డరమ్, ఎడ్గర్ బాటిల్ కట్టినది. కొత్త పేరు చరిత్రని చక్కగా రెండు ముక్కల్లో చెబుతుంది, ఇదిగో స్వింగ్ పోయి బాప్ వచ్చింది అని. అదే దెబ్బకి డరమ్‌ని కనపడకుండా చేస్తుంది. డరమ్ క్రిస్టియన్ కంటే ముందే ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన నల్లవాడు! ట్యూన్ పేరు నిలిచి ఉంటే గిటార్ నుంచి గిటార్‌కి పోయిన దారి ఒకటి కనపడేది. ఇంకో డిస్కుకి న్యూమన్ తన మిత్రుడు, రచయిత జాక్ కెరువాక్ పేరు తగిలించాడు. గిలెస్పీ వాయించిన దానికి కెరువాక్ పేరు! దీని మీద వ్యాఖ్యానం అనవసరం.

బోరిస్ రోజ్ అనే న్యూయార్కు సేకర్త ఇంకో అడుగు ముందుకేశాడు. రేడియోలో వచ్చే బర్డ్‌లాండ్ క్లబ్బు ప్రసారాలు ఏళ్ళ తరబడి ఎక్కించి, ఓజోన్, ఆల్టో, సెషన్ డిస్క్ లాంటి లేబుళ్ళు తనే పుట్టించి రికార్డులు వేశాడు. మూలం చెప్పడానికి బదులు మూలం కప్పిపెట్టే పని. ఆయన ఎక్కించకపోతే ఆ రాత్రులు గాలిలో కలిసిపోయేవి, అదీ నిజమే.

రికార్డు చేసినవాడు తెల్లవాడా నల్లవాడా అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. 1940 నవంబరు 7న ఫార్గో అనే చలి ఊళ్ళో జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు తెల్ల కుర్రవాళ్ళు డ్యూక్ ఎల్లింగ్టన్ కచేరీ ఎక్కించారు. ముందు అనుమతి అడిగారు, అమ్మబోమని ఒప్పుకున్నారు. ఎల్లింగ్టన్ బృందాన్ని ముక్కలు చెయ్యకుండా ఎక్కించారు. అధికారికంగా విడుదలైంది 1978లో, ఎల్లింగ్టన్ చనిపోయిన నాలుగేళ్ళకి. అడగడం, మొత్తం వినడం అన్న రెండు పనులూ చెయ్యడానికి చర్మం రంగు అడ్డురాలేదు. మిగతా చోట్ల అడ్డొచ్చింది అలవాటు. నల్లకవి అమిరి బరాకా, లీరాయ్ జోన్స్‌గా ఉన్నప్పుడే, 1963లో జాజ్ మీద, తెల్ల విమర్శకుల మీద రాసిన వ్యాసంలో ఈ అలవాటుని పట్టుకున్నాడు. వాయించేవాళ్ళలో ముఖ్యులు నల్లవాళ్ళు, రాసేవాళ్ళలో దాదాపు అందరూ తెల్లవాళ్ళు. సంగీతాన్ని పుట్టించిన జీవితం తెలియకుండా సంగీతాన్ని తూస్తారన్నది ఆయన వాదం. ఆ మాట సేకర్తలకి కూడా వర్తిస్తుందని మేము అంటాం.

మనకి ఇది దూరం సంగతి కాదు. 1972లో బొంబాయి దళిత యువకులు పాంథర్స్ అన్న పేరు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో ఈ పత్రిక చదివేవాళ్ళకి తెలుసు. చిందు, బైండ్ల, డక్కలి కళాకారుల నోట విన్న పాటలు పుస్తకాలైనప్పుడు అట్ట మీద 'సేకరణ' అని ఒక పేరు, లోపల 'జానపదం' అన్న ఒక మాట ఉంటాయి. పాడిన ముసలమ్మ పేరు ఉంటే కృతజ్ఞతల్లో ఉంటుంది. చట్టం కూడా మెల్లగానే కళ్ళు తెరిచింది. మన 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అన్నది 1994 సవరణతో గానీ రాలేదు. అమెరికాలో 1972 ఫిబ్రవరికి ముందు రికార్డులు 2018 దాకా కేంద్ర కాపీరైట్ చట్టం పరిధిలోనే లేవు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లెక్క.

సేకర్తల కథల్లో సర్కారు కూడా ఒక పాత్ర. 1957 నవంబరు 29న కార్నెగీ హాల్‌లో మంక్, కోల్ట్రేన్ వాయించినది విదేశాలకి వినిపించడానికి వాయిస్ ఆఫ్ అమెరికా ఎక్కించింది. అంతకు రెండు నెలల ముందే లిటిల్ రాక్ బడికి పోతున్న నల్లపిల్లల్ని గుంపులు అడ్డుకున్నాయి, దాని మీద మండిపడి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తరఫున రష్యా పోనన్నాడు. ఆ కార్నెగీ టేపు 2005లో కాంగ్రెస్ లైబ్రరీలో లారీ అపెల్‌బామ్ చేతికి తగిలేదాకా దాని సంగతి ఎవరికీ పట్టలేదు. పెట్టెల మీద 'కార్నెగీ హాల్ జాజ్ 1957' అని మాత్రం ఉంది, ఒకదాని వెనక చేత్తో 'టి. మంక్' అని రాసి ఉంది. అంత సంగీతానికి చిరునామా అంతే.

ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం ఇంకొకళ్ళ కోసం ఎదురుచూడలేదు. 1940ల చివర టేపు రికార్డరు కొన్నప్పటి నుంచి 1971లో చనిపోయేదాకా తన మాటలు, ఇంటి కబుర్లు, జోకులు, తన పాత రికార్డులు దాదాపు 650 రీళ్ళ మీద ఎక్కించుకున్నాడు. పెట్టెల మీద ఫొటోలూ పేపరు ముక్కలూ కత్తిరించి తనే అంటించేవాడు. ఏ రీల్లో ఏముందో రాసిపెట్టుకున్నాడు. న్యూ ఆర్లియన్స్ పేదవాడల్లో పుట్టి చిన్నప్పుడే బడి మానేసినవాడు తన చరిత్రకి తనే సూచిక తయారుచేసుకున్నాడు! నవ్వుతూ తెల్లవాళ్ళని మెప్పించేవాడని ఆయన్ని చిన్నచూపు చూసినవాళ్ళు నల్లవాళ్ళలోనూ ఉన్నారు. ఆ రీళ్ళు విన్నాక ఆ మాట అనడం కష్టం.

చివరిగా జో బ్రెజిల్. శాక్సఫోన్, ఫ్లూట్ వాయించేవాడు, డెట్రాయిట్ నుంచి సియాటిల్ వచ్చిన నల్లవాడు. 1965 అక్టోబరు 2న సియాటిల్‌లోని పెంట్‌హౌస్ క్లబ్బులో కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' మొత్తం వాయించాడు. కచేరీలో ఆ రచనని అట్లా వాయించిన రికార్డింగు అంతకుముందు ఫ్రాన్సులో ఆ జూలైలో చేసినది ఒక్కటే తెలుసు. బ్రెజిల్ పరాయి శ్రోత కాదు, ముందురోజు 'ఓమ్' రికార్డింగులో కోల్ట్రేన్ పక్కన ఫ్లూట్ వాయించినవాడు. తర్వాత సియాటిల్‌లో నల్లపిల్లలకి సంగీత అకాడమీ పెట్టాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాజ్ పాఠం చెప్పాడు. 1976లో ఆ విశ్వవిద్యాలయం ఆయనకి శాశ్వత ఉద్యోగం నిరాకరించింది. ఇంట్లో టేపుల గుట్ట పెట్టుకున్న మనిషి. 2008లో చనిపోయాడు, టేపు 2021లో లోకానికి వచ్చింది.

ఆ టేపు మీద ఒక ఫిర్యాదు చేస్తారు. డ్రమ్స్ మరీ ముందుకున్నాయి, కోల్ట్రేన్ శాక్సఫోన్ దూరంగా వినపడుతోందని. నిజమే, వినపడుతుంది. ఎల్విన్ జోన్స్ కర్రల కింద తాళాలు గదంతా నిండి ఉంటాయి. ఫారో సాండర్స్, కార్లోస్ వార్డ్ ఎత్తుకున్నప్పుడు టేపు తిరుగుతూనే ఉంటుంది. మెకాయ్ టైనర్ పియానో మీద ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటాడు. బేసులు రెండు, జిమ్మీ గారిసన్‌ది, డొనాల్డ్ గారెట్‌ది. వాటికి కూడా వంతు వస్తుంది.